చప్పుడు దొరికేదాకా

పొద్దున పాలు పొంగేలోపే చుక్కలావిడ ఆ రోజు పనులు ఖాయం చేసుకుంది. గిన్నెలు కడగడం, టెలిస్కోపు మౌంటుకు నాలుగు స్క్రూలు బిగించడం, ఆరిన దుప్పట్లు మడతపెట్టడం. మూడూ మధ్యాహ్నం భోజనాల్లోపు ముగించి కాసేపు నడుం వాల్చాలని కూడా అనుకుంది. గిన్నెలు కడగడం వరకు అంతా అనుకున్నట్టే జరిగింది.

భవనంలో అందరూ ఆవిడను చుక్కలావిడ అనే అంటారు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, పెళ్ళయ్యాక ఆ శాస్త్రాన్ని పెనం మీదా కుక్కరులోనూ మాత్రమే ప్రయోగిస్తూ వచ్చిన మనిషి. ఇన్నేళ్ళ కాపురంలో నోరు తెరిచి అడిగి తెప్పించుకున్న వస్తువు ఒక్కటే, టెలిస్కోపు. అదీ కంప్యూటరు టెలిస్కోపు. కింద మూడు కాళ్ళు, వాటిమీద మౌంటు అనే ఇనుప మెడ, మెడ లోపల రెండు మోటార్లు. రిమోటులో శనిగ్రహం పేరు నొక్కితే ఆ మెడ తనంతట తానే తిరిగి శనిగ్రహం ముందు వినయంగా ఆగుతుంది. ఒక్కసారి చెబితే తిరిగి చూసే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే కాబట్టి ఆవిడకు దానిమీద ప్రత్యేక గౌరవం.

ఈమధ్య ఆ మెడకు గొంతు వచ్చింది. మొదట దోమ రాగం తీసినట్టు ఉండేది. తర్వాత నల్లబల్ల మీద గోరు గీకినట్టు అయింది. ఇప్పుడైతే ఎవరో రేకుడబ్బాను రంపంతో కోస్తూ, మధ్యమధ్య తమ కష్టాలు తలుచుకుని ఏడుస్తున్నట్టు ఉంది. ఆవిడ డాబా మీద ఆ కచేరీ మొదలుపెట్టే వేళకు సరిగ్గా దాని కిందే, ఆరో అంతస్తులో, నర్సమ్మ పడుకుని ఉంటుంది. రాత్రి డ్యూటీ పిల్ల. సాయంత్రం పూట తీసే ఆ కునుకే ఆమెకు ఆస్తి. ఒకటి రెండుసార్లు నవ్వుతూ చెప్పి చూసింది, మూడోసారి నవ్వకుండా సెక్రటరీకి చెప్పింది.

సెక్రటరీ అగ్నిమాపక శాఖలో చేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరింట్లో పాలు మాడినా ఇసుక బక్కెట్టుతో ప్రత్యక్షమవుతారు. అందుకే చాటున అందరూ ఆయన్ని సైరను గారు అంటారు. "ముందు ఆపు, తర్వాత అడుగు" అన్నది ఆయన జీవితసూత్రం. నమ్మకం మీద డాబా తాళంచెవి చుక్కలావిడ చేతికిచ్చిందీ ఆయనే, నిన్న గుమ్మంలో నిలబడి గడువు పెట్టిందీ ఆయనే.

"చూడమ్మా, రేపు సాయంత్రం నేనే వచ్చి స్వయంగా వింటాను. ఆ చప్పుడు వినబడిందా, తాళంచెవి నా జేబులోకి, మీ గొట్టం అటక మీదికి. ఇందులో మొహమాటం లేదు."

డాబా పోతే ఆవిడకు ఆకాశం పోయినట్టే. రెండో అంతస్తులోని వాళ్ళింటి కిటికీలోంచి కనిపించే ఖగోళ వస్తువు ఎదుటి భవనం నీళ్ళ ట్యాంకు ఒక్కటే. అందుకే ఆ పొద్దున గిన్నెలు కడిగిన తడి చేతులతోనే టెలిస్కోపు గొట్టం విప్పి పక్కన పెట్టి, మౌంటును ముందుగదిలోకి ఈడ్చింది. నున్నటి నేల మీద జారిపోకుండా మూడు కాళ్ళలో ఒకదాన్ని గోడకు బాగా ఆనించింది. గోడకు అవతల ఏముందో అప్పుడు ఆవిడ ఆలోచించలేదు. గోడ అంటే గోడే కదా అనుకుంది.

"ఏమండీ, కాస్త ఈ కాలు పట్టుకోండి."

"ఎవరి కాలు?" అన్నాడు భర్త, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. ఆయన బీమా సర్వేయరు. కాలిపోయినవీ నానిపోయినవీ చూసి ఎంత పోయిందో తేల్చడం ఆయన వృత్తి. ఆ రోజు ఇంట్లోనే కూర్చుని, వరదనీరు దూరిన ఏదో గోదాముకు రిపోర్టు రాస్తున్నాడు.

"టెలిస్కోపుది. నా కాళ్ళు పట్టుకోమని నేనెప్పుడైనా అడిగానా?"

"అడగలేదు. అడగకుండానే పట్టించావు."

నాలుగు స్క్రూలూ బిగించి, రిమోటు నొక్కింది. మౌంటు ఒక్కసారి గొంతు సవరించుకుని గోల అందుకుంది. రోజూ డాబా మీద ఆరుబయట చెదిరిపోయే ఏడుపు, నాలుగు గోడల మధ్య సరికొత్త గాంభీర్యం తెచ్చుకుంది. లోపలి గదిలోంచి అత్తగారు చెవులు మూసుకుని బయటికొచ్చింది. జీవితమంతా పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి. అపశ్రుతి వింటే ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉంటుందావిడకు.

"ఎవరి గొంతు పిసుకుతున్నావే అమ్మాయ్?"

"మోటారు అత్తయ్యా. స్క్రూలు బిగించాను. అయినా ఇలాగే ఉంది."

"ఇలాగే ఏమిటి, నిన్నటికంటే ఒక మెట్టు పైకెక్కింది. రోజూ బిగిస్తూనే ఉన్నావుగా?"

"మూత వదులైతేనే కదా గిన్నె చప్పుడు చేసేది! అందుకే బిగిస్తున్నా," అంది చుక్కలావిడ. తలుపు కిర్రుమన్నా, కుర్చీ ఊగినా, కుక్కరు కూత పక్కదారి పట్టినా బిగించి బాగుచేసిన చేయి అది.

టెలిస్కోపు అమ్మిన కంపెనీ సహాయకేంద్రానికి ఫోను చేస్తే, అవతలి మనిషి ముందు మూత విప్పమన్నాడు, పాత గ్రీజు తుడవమన్నాడు, మోటారు తిప్పి ఆ చప్పుడు రికార్డు చేసి పంపితే విని చెబుతానన్నాడు. మూత విప్పి చూస్తే లోపల గ్రీజు ఎండి, మాడిన బెల్లం పాకంలా నల్లగా గడ్డకట్టి ఉంది. మోచేతుల దాకా అంటించుకుని తుడిచింది. చప్పుడు రికార్డు చేసింది. దాని కింద నోటితోనే చెప్పి సందేశం కూడా రాయించింది: "ఈ చప్పుడు రోజురోజుకూ పెరుగుతోంది. ప్రమాదమా? వెంటనే చెప్పండి." వేళ్ళకు గ్రీజు కాబట్టి ఎవరికి పంపాలో ఆ పేరు మాత్రం వేలి కణుపుతో నొక్కింది. కణుపు అన్నది వేలికంటే లావుగా ఉంటుంది. ఫోను జాబితాలో సహాయకేంద్రానికి సరిగ్గా మీద ఉన్నది భవనం గ్రూపు.

ఆవిడ నిశ్చింతగా గుడ్డముక్కతో పళ్ళచక్రం తుడుచుకుంటోంది. భర్త ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. తర్వాత ఆగకుండా మోగడం మొదలుపెట్టింది.

"ఏమోయ్," అన్నాడాయన నెమ్మదిగా, "ఈ చప్పుడు భవనంలో అందరికీ ఎందుకు పంపావు?"

చుక్కలావిడ గుడ్డ కింద పడేసింది. "తీసెయ్యండి! తీసెయ్యండి!"

"నీ ఫోనులోంచి పంపింది నా ఫోనులోంచి ఎలా తీస్తాను? ఇదిగో, మూడో అంతస్తాయన మా ఇంట్లోనూ వినబడింది అంటున్నారు. నాలుగో అంతస్తావిడ తనకు వారం నుంచే అనుమానం అంటోంది."

"ఇంతకు ముందు ఎప్పుడూ ఇంట్లో తిప్పలేదండీ! వారం నుంచి ఎలా వింటుంది?"

"ప్రాథమిక అంచనా ప్రకారం," అన్నాడు సర్వేయరు, "అనుమానానికి చప్పుడుతో పని లేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే గంట మోగింది. ఆపకుండా మోగింది. అలా మోగించే వేలు ఆ భవనంలో ఒక్కటే. సర్వేయరు కంగారులో మడతపెట్టాల్సిన దుప్పటి ఒకటి లాగి మౌంటు మీద కప్పేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం ఆయన.

సైరను గారు లోపలికొస్తూనే, "అమ్మా, ఈ రికార్డు ఎక్కడ చేశారు?" అన్నారు.

"ఇక్కడేనండీ. ఈ గోడ దగ్గరే. కానీ అది..."

ఆయన గోడకు చెవి ఆనించారు. వేళ్ళతో తట్టారు. మొహం నెత్తురు చుక్క లేనట్టు అయిపోయింది. "ఈ గోడ అవతల ఏముందో తెలుసా? లిఫ్టు గుంత!"

"కాదండీ, అసలు సంగతేమిటంటే, మా టెలి..."

"టెలిస్కోపు సంగతి సాయంత్రం చూద్దామమ్మా. దాని విషయంలో నా మాట మాటే, తాళంచెవి సిద్ధంగా పెట్టుకోండి. ఇప్పుడిది ప్రాణాల సంగతి. మీలాంటి చెవులు భవనంలో ఇంకొకరికి ఉంటే బాగుండును. ముందు ఆపు, తర్వాత అడుగు!"

తాళంచెవి అన్న మాట వినగానే ఆవిడ నోరు దానంతటదే మూసుకుంది. గడప దాటుతూ ఆయన మెట్ల మీద కేకేశారు: "లిఫ్టు ఎవరూ ఎక్కద్దు! లోపలున్నవాళ్ళు వెంటనే దిగిపోండి!"

"చెప్పేస్తే పోయేది కదే," అన్నాడు సర్వేయరు.

"పోయేది డాబా. సాయంత్రంలోపు దీని నోరు మూయించి, అప్పుడు చెబుతాను. ఒక్క పూట మెట్లెక్కితే ఎవరికీ ఏమీ కాదు, ఒళ్ళు తగ్గుతుంది."

అలా అనుకోవడంలో ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. సైరను గారు అప్పటికే లిఫ్టు మెకానిక్కును పిలిపించారు.

ఆ మెకానిక్కు గట్టివాడు. లోకంలోని సమస్త రుగ్మతలకూ కారణం ఆయనకు ఒక్కటే తెలుసు, బేరింగు. ఫోనులోని చప్పుడు సగం విని కళ్ళు మూసుకుని, "బేరింగు పోయింది సార్," అన్నాడు. మిగతా సగం వినిపించబోతే అక్కర్లేదన్నాడు. నష్టాలు అంచనా వేసే మనిషి కదా అని సైరను గారు సర్వేయరును రెక్క పట్టుకుని తీసుకుపోయారు. సొంత ఇంటి నేరం మీద సొంతంగా దర్యాప్తుకు బయలుదేరిన ఆయన, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ మెట్లు దిగాడు.

ఇంట్లో అత్తాకోడళ్ళు మిగిలారు. కోడలు కాలుగాలిన పిల్లిలా మౌంటు చుట్టూ తిరుగుతోంది. కొత్త గ్రీజు పూసింది, కరెంటు సరిగా అందుతోందో లేదో చూసింది, ప్లాస్టిక్ మూత అదురుతోందేమోనని గుడ్డముక్కలు కుక్కింది. ప్రతి పనికీ ఒక పరీక్ష కావాలి. ప్రతి పరీక్షకూ మోటారు తిరగాలి. మోటారు తిరిగితే ఏడవాలి.

"నెమ్మదిగా నొక్కవే," అంది అత్తగారు.

"మీటను నెమ్మదిగా నొక్కితే మోటారు నెమ్మదిగా తిరగదు అత్తయ్యా."

నొక్కింది. కంగారులో గోడ దగ్గరినుంచి జరపడం మరిచిపోయిన కాలు పట్టుకుని ఆ ఏడుపు లిఫ్టు గుంతలోకి దిగి, అక్కడ పది గొంతులై భవనమంతా ఎక్కింది. కింది నుంచి కేకలు వినిపించాయి. "అదిగో! అదిగో! మళ్ళీ!"

"కరెంటు తీసేశాం కదయ్యా! లిఫ్టు కదలడం లేదు కదా!" ఇది సైరను గారి గొంతు.

"అదే సార్ నేను చెప్పేది," ఇది మెకానిక్కుది. "కరెంటు తీసినా ఆగలేదంటే చూసుకోండి, ఎంత ముదిరిపోయిందో!"

దీని తర్వాత సంగతులు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ వచ్చాయి. లిఫ్టు ఆగినా చప్పుడు ఆగలేదు కాబట్టి నీళ్ళ మోటారు ఆపించారు సైరను గారు. నీళ్ళు రావట అని గ్రూపులో ఎవరో పెట్టగానే, ప్రతి ఇంట్లోనూ బక్కెట్లు, బిందెలు, గిన్నెలు, పూలకుండీల కింది పళ్ళాలతో సహా నింపేసుకున్నారు. దాంతో డాబా మీది ట్యాంకు ఖాళీ అయి, రాకుండా పోతాయనుకున్న నీళ్ళు నిజంగానే రాకుండా పోయాయి. నీళ్ళ మోటారు ఆగినా చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి కింది అంతస్తులో పళ్ళ డాక్టరు గాలి మిషను ఆపించారు. అక్కడ కుర్చీలో వెనక్కి వాలిన పేషెంటు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి, ఏమైందని అడగడానికి కూడా వీల్లేక కళ్ళతోనే అడిగాడని తర్వాత చెప్పుకున్నారు.

మధ్యలో సర్వేయరు రొప్పుతూ పైకొచ్చాడు. చొక్కా నిండా లిఫ్టు గుంత బూజు.

"కాసేపు ఆపవే తల్లీ! నువ్వు నొక్కినప్పుడల్లా కింద ఒక మిషను చస్తోంది."

"ఎలా ఆపను? పొద్దు వాలిపోతోంది. ఇంకా ఇది లొంగలేదు."

"నాకు గోడకు చెవి పెట్టి ఎటునుంచి వస్తోందో చెప్పమంటున్నారు. మా ఇంటినుంచి అని ఎలా చెప్పను?"

"అయితే ఒక పని చేయండి. ఆ మెకానిక్కు సుత్తితో కొడతాడు కదా, అప్పుడు మీరు గట్టిగా దగ్గండి. ఆ చప్పుడులో నేను నా పని కానిస్తాను."

ఉపాయం బాగానే ఉంది. సర్వేయరు వెళ్ళాడు. మెకానిక్కు సుత్తి ఎత్తి కొట్టడం మొదలుపెట్టగానే ఒళ్ళంతా ఊగేలా దగ్గాడు. ఆ దగ్గు విని మెకానిక్కు జాలిపడి సుత్తి దింపేశాడు. "ఏంటి సార్, పొలమారిందా? ఎవరైనా కాసిని నీళ్ళు పట్రండి!" మెట్లన్నీ నిశ్శబ్దంగా ఉన్న ఆ క్షణంలో, పై నుంచి దగ్గు విన్న ఇల్లాలు రిమోటు నొక్కింది.

ఆ ఏడుపు ముందువాటిలాంటిది కాదు. ఆరో అంతస్తు దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది.

చప్పుడును కప్పేద్దామని అత్తగారు వంటింట్లో ఖాళీ మిక్సీ తిప్పింది. రెండూ కలిసి వినిపించిన ఆ సమ్మేళనం విన్నాక సైరను గారు భవనం మొత్తానికి కరెంటు తీయించబోయారు. ఫ్రిజ్జుల సంగతేమిటని నాలుగు అంతస్తులవాళ్ళు ఒక్కసారిగా అడిగేసరికి ఆ పని మానుకుని, లిఫ్టునే మళ్ళీ పట్టుకున్నారు. మెకానిక్కు డాబా మీది లిఫ్టు గదిలో మోటారును విప్పడం మొదలుపెట్టాడు.

ఎండ గోడ దిగిపోతున్న వేళ తలుపు తట్టిన చప్పుడైంది. గంట కాదు, వేళ్ళతో తట్టడం. తీసి చూస్తే నర్సమ్మ. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, చేతిలో ఖాళీ బక్కెట్టు. ఆరో అంతస్తునుంచి దిగి వచ్చింది.

"అక్కా, మీ ఇంట్లో నీళ్ళున్నాయా? పొద్దున డ్యూటీనుంచి వచ్చి పడుకున్నాను. లేచి చూసేసరికి అందరూ పట్టేసుకున్నారు. మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్ళడానికి చెంబెడు చాలు."

చుక్కలావిడ బక్కెట్టు అందుకుంది. అత్తగారు పట్టి ఉంచిన బిందెలోంచి నింపుతుంటే వెనక నర్సమ్మ మాటలు.

"మీమీద చెప్పానని కోపం పెట్టుకోకండి అక్కా. నిద్ర లేకపోతే అక్కడ చేతులు వణుకుతాయి, మందు పోసేటప్పుడు భయమేస్తుంది. ఇవాళ మీ మిషను కాదు, లిఫ్టట. దానిక్కూడా నా నిద్రే దొరికింది."

తేలు కుట్టిన దొంగలా చుక్కలావిడ బిందె మీదికే వంగింది. బక్కెట్టు నిండా నింపి, అప్పుడే వచ్చిన భర్త చేతికిచ్చింది. "పైదాకా మోసి రండి."

"ఆరో అంతస్తుకా?"

"నష్టపరిహారం," అంది.

ఆయన వెళ్ళాక నేల మీద కూలబడింది. ముంచుకొస్తున్న సాయంత్రం గడువు, ఎదురుగా లొంగని మెడ, తల నిండా నర్సమ్మ ఎర్రటి కళ్ళు. "ఇంకా ఎంత బిగించను అత్తయ్యా?" అంది దాదాపు ఏడుపు గొంతుతో.

అత్తగారు పీట లాక్కుని మౌంటు పక్కన కూర్చుంది. "పొద్దుట్నుంచీ చూస్తున్నా. నువ్వు బిగించినకొద్దీ శ్రుతి పైకి పోతోంది. తంతి తెగేలా బిగించి పాడమంటే ఎవరైనా ఏడుస్తారు. ఒక్కసారి వదులు చేసి చూడు."

"వదులు చేస్తేనా?"

"నువ్వు వదులు చెయ్యి, నేను వింటాను."

పళ్ళచక్రాన్ని నొక్కిపట్టే చిన్న స్క్రూను చుక్కలావిడ వెంట్రుకవాసి వెనక్కి తిప్పింది. మోటారు తిరిగింది. ఏడుపు మూలుగైంది.

"ఇంకొంచెం."

మూలుగు గొణుగుడైంది.

"ఇంకాస్త... ఆఁ, అతి చేశావు, కటకటమంటోంది. వెనక్కి రా. ఆ! అక్కడే! చెయ్యి తీసెయ్!"

మౌంటు తిరిగింది. తిరుగుతోందని కంటికి కనిపించింది తప్ప చెవికి తెలియలేదు. చెవి ఆనిస్తే, నిద్రలో పసిపిల్ల ఊపిరి తీసినట్టు ఉంది. ఇన్నాళ్ళూ చప్పుడు వచ్చినప్పుడల్లా బిగిస్తూ, బిగించినప్పుడల్లా చప్పుడు పెంచుతూ వచ్చిన ఆ ఇల్లాలు కాసేపు తన చేతులు తానే చూసుకుంది.

"గెలిచావే," అంది అత్తగారు. "ఇక నోరు మూసుకుని కూర్చో. ఆయనొచ్చి వింటాడు, తాళంచెవి నీదే."

నిజమే. ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు. ఆవిడ లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది. కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకు పక్కన ఆకాశం అరచేతి మేర కనిపించింది. మెట్ల మీద ఎవరో నీళ్ళ బిందెతో ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. పైన మెకానిక్కు సుత్తి ఠంగుఠంగుమంటోంది.

"చెప్పేస్తాను అత్తయ్యా."

"డాబా పోతుందే!"

"పోనివ్వండి. ఆ పిల్ల కళ్ళు చూశాక నాకు చుక్కలు కనబడవు."

సాయంత్రం అన్న మాట ప్రకారం సైరను గారు వచ్చారు. వెంట చేతులకు మసితో మెకానిక్కు, డ్యూటీ బట్టల్లో నర్సమ్మ, మెట్లెక్కి దిగి మోకాళ్ళు పట్టుకున్న సర్వేయరు. చుక్కలావిడ తాళంచెవి అరచేతిలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఇదిగోండి తాళంచెవి. పొద్దుట్నుంచీ మీరంతా వెతుకుతున్న చప్పుడు లిఫ్టుది కాదు, నీళ్ళ మోటారుది కాదు. ఇదిగో, నా టెలిస్కోపుది. పొరపాటున గ్రూపులో పంపాను. భయపడి చెప్పలేదు. తప్పు నాది."

అందరూ దుప్పటి తీసిన మౌంటు వంక చూశారు. సైరను గారు గొంతు సవరించుకున్నారు. "ఏదమ్మా, తిప్పండి."

తిప్పింది. మెడ కుడివైపు వెళ్ళింది, ఎడమవైపు వచ్చింది, పైకి చూసింది, కిందికి వంగింది. గదిలో వినిపించిన చప్పుడల్లా సర్వేయరు ఆయాసం ఒక్కటే.

సైరను గారు ఫోను తీసి పొద్దుటి రికార్డు పెట్టారు. రేకుడబ్బా కోత, మధ్యలో ఏడుపు. మళ్ళీ మౌంటు వంక చూశారు. "ఇది అదా?"

"అదేనండీ! ఇప్పుడే బాగైంది. బిగువు తగ్గించాం."

"ఈ బుల్లి మోటార్లా సార్!" అన్నాడు మెకానిక్కు, బాగా నొచ్చుకుని. "ఇందులో వేలెడు బేరింగు కూడా ఉండదు. నేను విన్నది పెద్ద బేరింగు."

"మీరైనా చెప్పండి!" అంది చుక్కలావిడ భర్తతో.

"నిజమేనండీ, మా ఇంటిదే," అన్నాడు సర్వేయరు, బొంగురుపోయిన గొంతుతో.

"మీరు ఇంట్లో ఆవిడ మాట కాదంటారని నేననుకోలేదులెండి. పెద్దావిడ చెప్పాలి. అమ్మా, ఈ యంత్రమేనా?" అన్నారు సైరను గారు.

అత్తగారు మౌంటు వంకా కోడలి వంకా చూసింది. "ఇదా? దీనికి గొంతెక్కడిది నాయనా!" అంది. ఆ క్షణానికి అది అక్షరాలా నిజం.

"సరే, చూపిస్తా ఉండండి!" చుక్కలావిడ స్క్రూడ్రైవరు అందుకుంది. "ఈ స్క్రూ మళ్ళీ బిగిస్తే అదే చప్పుడు వస్తుంది. మీకే తెలుస్తుంది."

సైరను గారు చప్పున ఆవిడ చేతికి అడ్డం వచ్చారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా! బాగున్న వస్తువును చెడగొట్టుకుని మరీ నింద నెత్తిన వేసుకుంటానంటోంది! అందరూ ఒకరినొకరు అనుమానించుకుంటున్నారని, ఆ గొడవేదో తనతో పోతుందని... అమ్మా, ముప్పై ఏళ్ళు మంటల్లో తిరిగాను, ఇంత మంచితనం చూడలేదు."

"మంచితనం కాదండీ బాబూ! నిజం!"

నర్సమ్మ ఆలోచనలో పడింది. నెమ్మదిగా అంది: "అక్కా, లిఫ్టు మోటారు గది కూడా డాబా మీదే కదా? నా పడగ్గదికి సరిగ్గా పైన. అంటే ఇన్నాళ్ళూ నన్ను లేపింది అదన్నమాట! సాయంత్రం అందరూ ఆఫీసులనుంచి వచ్చే వేళ, లిఫ్టు ఎక్కువ తిరిగే వేళ. నేనేమో పాపం మిమ్మల్ని..." వచ్చి చుక్కలావిడ రెండు చేతులూ పట్టుకుంది. "క్షమించండి అక్కా."

ఇంత చక్కగా అతికిన లెక్క చుక్కలావిడ కాలేజీలో కూడా చూడలేదు. ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలియక నిలబడిపోయింది.

సైరను గారు తాళంచెవిని ఆవిడ అరచేతిలోనే ఉంచి, వేళ్ళు మూయించారు. "ఇది ఇక మీ దగ్గరే ఉంటుంది. నేను సెక్రటరీగా ఉన్నంతకాలం అడగను. నీళ్ళ మోటారు ఇప్పుడే వేయిస్తాను. ఇక లిఫ్టు సంగతంటారా, మోటారు విప్పేసి బేరింగులన్నీ గోనెసంచిలో కట్టాం, వర్క్‌షాపుకు పోతున్నాయి. ఆ చప్పుడు దొరికేదాకా లిఫ్టు తిరగదు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు."

"అది ఇంక దొరకదండీ," అంది చుక్కలావిడ నీరసంగా.

"దొరుకుతుందమ్మా," అన్నాడు మెకానిక్కు, ధైర్యం చెబుతూ. "ఎన్ని నెలలైనా సరే, నేను వదలను."

వాళ్ళు వెళ్ళారు. కుళాయిలో గాలి బుడబుడలాడి నీళ్ళు వచ్చాయి. ఆవిడ ముఖం కడుక్కుని, కొంగు బిగించి, గొట్టాన్ని రెండో విడతకు వదిలి, మౌంటును చంకనెత్తుకుంది. అది ఎంత బరువో అప్పటిదాకా లిఫ్టుకే తెలుసు. వెనక సర్వేయరు ఒక భుజాన మూడు కాళ్ళు, ఇంకో చేత్తో గొట్టానికి తూకం నిలిపే ఇనుప దిమ్మలున్న సంచి పట్టుకుని, ప్రాథమిక అంచనా ఏమీ చెప్పకుండా నడిచాడు. మొదటి మలుపులో దిమ్మల సంచి కింద పెట్టాడు. మూడో అంతస్తు చేరేసరికి దాని మీదే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆకాశంలో ఒక్క మబ్బు తునక కూడా లేదని మూడో అంతస్తు మెట్ల కిటికీలోంచి చాలా స్పష్టంగా కనిపించింది.